వాళ్లు ఎందుకు వెళ్లారు? – గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో తీవ్రవాద సంస్థల ఎదుగుదలపై ఒక చారిత్రక పరిశీలన

అపొస్తలుల కార్యముల గ్రంథం ఐదో అధ్యాయంలో గమలీయేలు మహాసభ ఎదుట ఇద్దరు వ్యక్తుల పేర్లు తెస్తాడు. ఒకడు థూదా, రెండోవాడు గలిలయుడైన యూదా. థూదా వెంట దాదాపు నాలుగు వందలమంది నడిచారనీ, అతడు చచ్చాక వాళ్లంతా చెదిరిపోయారనీ చెబుతాడు. ఈ భాగంపై మన ప్రసంగాలన్నీ గమలీయేలు ఇచ్చిన సలహా చుట్టూ తిరుగుతాయి. ఆ నాలుగు వందలమంది ఎవరు, ఏ ఊళ్లవారు, ఇంటి దగ్గర ఏమి విడిచి వెళ్లారు అని అడిగిన ప్రసంగం మేము ఇంతవరకు వినలేదు. మేమూ చేయలేదు.

పాత నిబంధనలో ఇంకొక నాలుగు వందలమంది ఉన్నారు. మొదటి సమూయేలు 22వ అధ్యాయంలో దావీదు అదుల్లాము గుహకు పారిపోయినప్పుడు అతని దగ్గరకు చేరినవారి లెక్క కూడా అదే. అయితే అక్కడ గ్రంథకర్త ఒక మేలు చేశాడు. వాళ్లెవరో చెప్పాడు: ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులున్నవాళ్లు, మనసు రగిలిపోయినవాళ్లు. ఆయుధం పట్టిన ఏ గుంపులోనైనా మొదట చేరేది ఎవరు అనే ప్రశ్నకు ఇంతకంటె క్లుప్తమైన జవాబు మాకు ఏ సమాజశాస్త్ర గ్రంథంలోనూ దొరకలేదు.

ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది మన పాత మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణ భాగం. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలుగా ఏర్పడిన నేల ఇది. ఒక తరం వ్యవధిలో ఈ నేల రెండు సాయుధ సంస్థలను చూసింది. ఒకటి 1946–48 నాటి రజాకార్లు, రెండోది 1980 తరువాతి నక్సలైట్లు. ఒకరు సింహాసనాన్ని కాపాడతామన్నారు, మరొకరు కూల్చుతామన్నారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. ఆశయాల్లోగానీ, అనుచరుల్లోగానీ, చేసిన పనుల్లోగానీ వాటికి పోలిక తక్కువ. ఐతే ఒక చిన్న గుంపు ఊళ్లమీద పెత్తనం ఎలా సంపాదిస్తుంది, మంచి ఇంటి పిల్లలు దాని వెంట ఎందుకు పోతారు అనే ప్రశ్న రెంటికీ ఒకటే. ఆ ప్రశ్న సంఘ కాపరులమైన మనల్ని కూడా తాకుతుంది. ఎందుకో వ్యాసం మధ్యలో చెబుతాము.

సంస్థానాల నీడలో

గద్వాల, వనపర్తి, కొల్లాపురం (జటప్రోలు), ఆత్మకూరు (అమరచింత) సంస్థానాలు నైజాముకు పేష్కషు చెల్లించుకుంటూ లోపల తమ తమ పాలన సాగించుకునేవి. 1940లలో గద్వాలను పాలించినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. పండితులను ఆదరించిన దర్బారులుగా ఇవి పేరు పొందాయి. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారు గద్వాల ప్రాంతపు బిడ్డే. 1952లో ఆయన వనపర్తి నుంచే హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. అయితే దర్బారులో శతావధానం జరిగే రోజునే గూడెంలో మాలమాదిగలు వెట్టి చేస్తూ ఉండేవారు. మన సంఘాల్లో అత్యధికులు ఆ గూడేల నుంచి వచ్చినవారేనని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక హైదరాబాదులో మజ్లిస్-ఇత్తెహాదుల్-ముస్లిమీన్ 1927లో పుట్టింది. మొదట అది మతసంస్కరణ, ఐక్యత అనే మాటలతో నడిచిన సంఘం. 1938లో బహదూర్ యార్ జంగ్ అధ్యక్షుడయ్యాక దానికి ఒక రాజకీయ సిద్ధాంతం వచ్చింది. రాజ్యాధికారం నిజాముది మాత్రమే కాదు, రాజ్యంలోని ప్రతి ముస్లిముది కూడా; నిజాం దానికి చిహ్నం మాత్రమే అన్నది ఆ సిద్ధాంత సారం. దీని ఆకర్షణను మనం తేలికగా తీసివేయరాదు. టాంగా తోలేవాడికి, చిన్న గుమాస్తాకు, ఉద్యోగం దొరకని పట్టభద్రుడికి, "నీవూ పాలకుడవే" అని చెప్పిన మాట అది. జనాభాలో ముస్లిములు ఇంచుమించు ఎనిమిదో వంతు. వారిలో ఎక్కువమంది పేదలే. కడుపు నింపని గౌరవమైనా గౌరవమే గదా.

1944లో బహదూర్ యార్ జంగ్ మరణించాడు. 1946లో లాతూరుకు చెందిన వకీలు కాశిం రజ్వీ అధ్యక్షుడయ్యాడు. అక్కడినుంచి సంస్థ స్వయంసేవక దళమైన రజాకార్లే సంస్థకు ముఖమైపోయారు. బ్రిటిషువారు వెళ్లిపోతున్నారు, వెళ్లాక మన ఉద్యోగాలు, మన భాష, మన ప్రాణాలు ఏమవుతాయి అనే భయం అప్పటికే పట్టణాల్లో ఉంది. రజ్వీ ఆ భయాన్ని పుట్టించలేదు. దానికి ఖాకీ బట్టలు తొడిగించి, కవాతు నేర్పించాడు.

ఐనా భయం ఒక్కటే అధికారం తెచ్చిపెట్టదు. రజాకార్లు నిజంగా అధికారంలోకి వచ్చిన రోజు ఏది అని ఎవరైనా అడిగితే మేము 1947 అక్టోబరు 27 అని చెబుతాము. భారత ప్రభుత్వంతో ఒప్పందంపై మాట్లాడేందుకు నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరవలసిన వేళ, ఇత్తెహాదు గుంపులు ప్రధాని ఛతారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్ తదితరుల ఇళ్లను చుట్టుముట్టాయి. పోలీసులు చెదరగొట్టలేదు. ప్రయాణం ఆగింది. నిజాం గుంపును శిక్షించలేదు, ప్రతినిధి వర్గాన్నే మార్చాడు. ఛతారీ రాజీనామా చేశాడు. నవంబరు 29న యథాతథ ఒడంబడిక జరిగింది. ఇత్తెహాదుకు అనుకూలుడైన మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చినవారు కారు వీరు. పాలకుడు తన బేరానికి పనికొస్తారని తలుపు తీశాడు, తరువాత మూయలేకపోయాడు. చరిత్రలో ఇది చాలాసార్లు జరిగింది. 1933 జనవరిలో జర్మనీలో హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న పెద్దమనుషులు హిట్లర్ విషయంలో వేసుకున్న లెక్క కూడా ఇటువంటిదే.

నడిగడ్డకు, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూరు ప్రాంతానికి, ఇది మరీ దగ్గరి విషయం. తుంగభద్ర అవతలి గట్టు కర్నూలు, అది మద్రాసు రాష్ట్రం, అంటే భారత యూనియన్. భయపడినవారు ఏరు దాటి అటు పోయారు. ఉద్యమకారులు అటునుంచి ఇటు వచ్చారు. 1947 అక్టోబరులో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో నైజాం పోలీసుల కాల్పులకు గ్రామస్థులు బలయ్యారు. పోలీసు ఎవరు, రజాకారు ఎవరు అనే తేడా ఆనాటి పల్లె జ్ఞాపకంలో ఉండదు. వృద్ధులు రెంటినీ ఒకే మాటగా చెబుతారు. ఒక విధంగా వారు చెప్పేదే సరైన చరిత్ర. ప్రభుత్వం చూసీ చూడనట్లు ఊరుకున్న చోట ప్రైవేటు దండుకూ సర్కారు దండుకూ నడుమ గీత చెరిగిపోతుంది.

ఇక్కడ మన గూడేల విషయం తప్పక చెప్పాలి. దళిత నాయకులు ఆనాడు ఒకే దారిన నడవలేదు. బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్ ఇత్తెహాదుతో కలిసి నడిచారు. వెంకటరావు లాయఖ్ అలీ మంత్రివర్గంలో చేరారు. అరిగె రామస్వామి కాంగ్రెసు వైపు ఉన్నారు. డాక్టర్ అంబేద్కర్ 1947 నవంబరులో ఒక ప్రకటన చేసి, హైదరాబాదులోని అణగారిన కులాలవారు నిజాం పక్షాన చేరవద్దని గట్టిగా చెప్పారు. రజాకార్ల వెంట కొందరు దళితులు వెళ్లారన్న నింద నేటికీ పల్లెల్లో వినిపిస్తుంది. వెళ్లినవారు ఉన్నారు. కాని వెళ్లినవాడు ఎవరి చేను దున్నుతూ, ఎవరి చెప్పుదెబ్బలు తిని వెళ్లాడు అని అడగకుండా నింద మాత్రమే మోయడం న్యాయం కాదు. పటేలు ఎదుట చెప్పులు విడిచి నిలబడిన మనిషికి ఒక లాఠీ, ఒక టోపీ దొరికిన రోజున అతనికి ఏమనిపించి ఉంటుందో ఊహించగలవారు మనలో ఉన్నారు.

మిగిలిన కథ అందరికీ తెలిసిందే. 1948 ఆగస్టులో రజాకార్లను విమర్శించిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు నడివీథిలో చంపారు. ఆయనా ముస్లిమే. తీవ్రవాదులు తమలోని మితవాదిని మొదట చంపుతారు అనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం మనకు అక్కరలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. రెండు లక్షలని గొప్పలు చెప్పుకున్న దండు ఐదు రోజుల్లో మాయమైంది. రజ్వీ జైలు అనుభవించి 1957లో పాకిస్తాను వెళ్లిపోయాడు.

వెళ్లలేనివారు ఇక్కడ దెబ్బ తిన్నారు. పోలీసు చర్య తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో మరీ ఎక్కువగా ముస్లిముల ఊచకోత జరిగింది. విచారణకు వచ్చిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉంటుందని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. చచ్చినవారిలో ఎక్కువమంది ఎన్నడూ ఖాకీ తొడగనివారు. రజాకార్లను గురించి మన యువజన సభల్లో మాట్లాడేటప్పుడు ఈ సగాన్ని కూడా చెప్పాలని మా మనవి. సగం చరిత్ర ఇంకొక గుంపును తయారు చేయడానికే పనికి వస్తుంది.

నల్లమల

1946 నుంచి సాగిన తెలంగాణ సాయుధ పోరాటపు కేంద్రం నల్లగొండ, వరంగల్లు. పోలీసు చర్య తరువాత సైన్యం ఒత్తిడికి దళాలు అడవులు వెదుక్కుంటూ కృష్ణ వెంబడి అమ్రాబాదు, అచ్చంపేట వైపు వచ్చాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. మనుషులు వెళ్లిపోయినా దారులు గుర్తున్నాయి. ముప్పై ఏళ్ల తరువాత అదే అడవికి కొత్త దళాలు వచ్చాయి.

పీపుల్స్‌వార్ 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో ఏర్పడింది. దానికి ముందే రాడికల్ విద్యార్థులు వేసవి సెలవుల్లో "గ్రామాలకు తరలండి" అంటూ పల్లెలకు రావడం మొదలుపెట్టారు. పాలమూరు అప్పటికి ఏమిటి? రెండు జీవనదులు పారుతున్నా నీరు లేని జిల్లా. జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది, ప్రారంభోత్సవానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా తట్ట మోసినది పాలమూరు లేబరే అని చెప్పుకుంటారు. మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పెండ్లికో, రోగానికో, పాత అప్పుకో పోతుంది. మొగుడూ పెళ్లామూ గుంపు మేస్త్రీ వెంట లారీ ఎక్కుతారు. తొమ్మిది నెలల తరువాత లెక్క చూస్తే ఇంకా బాకీయే మిగులుతుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. లారీలు ఆగలేదు.

ఈ నేలలో "అన్నలు" చేసిన మొదటి పనులు గమనించండి. బీడీ ఆకు కట్టకు ధర పెంచమన్నారు. కూలి రేటు అడగమన్నారు. సారా అమ్మేవాణ్ణి పిలిచి హెచ్చరించారు. భార్యను కొట్టేవాణ్ణి పంచాయితీకి రప్పించారు. అడవి అధికారి చెంచుల దగ్గర లంచం తీసుకోవడం మానేటట్టు చేశారు. ఈ పనుల్లో ఒక్కటీ మార్క్సు గ్రంథాలు చదివితే తప్ప తోచనిది కాదు. ఇవన్నీ తహశీలు, ఠాణా, కోర్టు, పంచాయితీ చేయవలసినవే. అవి చేయలేదు. ఖాళీగా ఉన్న కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు.

పాటనూ మరువరాదు. జననాట్యమండలి, గద్దరు పల్లె బాణీలను తీసుకున్నారు: డప్పు, గజ్జె, గొంగడి. మన గూడెం పిల్లల చేతిలో పుట్టుకతో ఉన్న వాయిద్యమే అది. మనమేమో ఆ డప్పును లోకసంబంధమని చర్చి వాకిట్లో ఆపి, లోపల హార్మోనియం పెట్టుకున్నాము. (ఇప్పుడు కీబోర్డు వచ్చింది, డప్పు ఇంకా బయటనే ఉంది.) పైగా మాటల్లో ఒక చిత్రమైన కలయిక: మన పల్లెల్లో "సంఘం" అంటే రెండు అర్థాలు. "వాడు సంఘంలో తిరుగుతుండు" అని ఎవరైనా అంటే, ఏ సంఘమో అడిగి తెలుసుకోవలసిన రోజులవి.

ఐతే కష్టాల్లో ఉన్న ప్రతివాడూ అడవికి పోలేదు. అదే తాలూకాలో, అదే అప్పుతో, అదే అవమానంతో వేలమంది హైదరాబాదు పోయి ఇటుకలు మోశారు, మరికొందరు బొంబాయి పోయారు. మరి కొద్దిమందే ఎందుకు అటు వెళ్లారు? ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ వంటి సంస్థల సభ్యులను పరిశోధించిన డొనటెల్లా డెల్లా పోర్టా, వారిలో అత్యధికులు అప్పటికే లోపల ఉన్న స్నేహితుడి ద్వారానో బంధువు ద్వారానో చేరినవారని చూపింది. మన విద్యార్థులకు పరిచయమైన రాడ్నీ స్టార్క్, లోఫ్‌లాండ్‌తో కలిసి 1965లో ఒక కొత్త మతశాఖపై ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటి సంగతే చెప్పాడు: మనిషి మొదట మనుషులకు దగ్గరౌతాడు, సిద్ధాంతం తరువాత అంటుకుంటుంది. ఆది సంఘ వ్యాప్తిని కూడా స్టార్క్ ఈ దారిలోనే వివరించాడు.

మన గడ్డ మీదనే దీనికి సాక్ష్యం ఉంది. గద్వాల జిల్లా గట్టు మండలం పెంచికల్‌పాడుకు చెందిన పోతుల పద్మావతి 1980ల ఆరంభంలో ఇల్లు విడిచింది. సుజాత, కల్పన అనే పేర్లతో మావోయిస్టు కేంద్రకమిటీ సభ్యురాలి స్థాయికి ఎదిగింది. ఆ ఉద్యమంలోకి ఆమెను ఆకర్షించినవారిలో ఆమె బంధువు పటేల్ సుధాకర్ రెడ్డి పేరు వినిపిస్తుంది. ఆయనా గద్వాల ప్రాంతంవాడే. 2009 మేలో వరంగల్లు అడవుల్లో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆమె భర్త, కిషన్‌జీ అని పిలువబడిన మల్లోజుల కోటేశ్వరరావు, 2011 నవంబరులో పశ్చిమ బెంగాలులో మరణించాడు. నాలుగు దశాబ్దాలకు పైగా అజ్ఞాతంలో గడిపి, అరవై రెండేళ్ల వయసులో, 2025 సెప్టెంబరులో ఆమె తెలంగాణ పోలీసుల ఎదుట లొంగిపోయింది. గట్టు మండలం చూసినవారికి తెలుసు, రాళ్లూ ఎర్ర దుబ్బా ఉన్న కరువు సీమ అది. కాని ఆమెవంటివారు ఆకలికి పోలేదు. వారివి పటేండ్ల ఇండ్లు. తనకు లేనిదాని కోసం పోయినవారు కొందరు, పక్కవాడికి లేదని సిగ్గుపడి పోయినవారు కొందరు. నాయకులు సాధారణంగా ఈ రెండో తరగతి నుంచి వస్తారు, కాల్పుల్లో మొదట చచ్చేవారు మొదటి తరగతి నుంచి వస్తారు. దావీదు గుహలో కూడా ఇటువంటి తేడా ఉండి ఉండవచ్చునని మేము అనుకుంటాము.

మా స్వంత లెక్క

ఇక్కడ మేము చరిత్రకారుల స్థానం విడిచి సాక్షులుగా ఒక సంగతి చెప్పవలసి ఉంది. మేము బి.డి. ముగించి మొదట సేవకు వెళ్లినది నల్లమల అంచున ఉన్న ఒక పల్లె పాస్టరేటుకు. 1990ల చివరి సంవత్సరాలవి. సంఘంలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఉండేవాడు. ఆరాధనలో పాట అందుకున్నాడంటే వెనక వరుస ముసలివాళ్లు కూడా లేచేవారు. వాళ్ల నాయన మేస్త్రీ గుంపుతో గుజరాతుకు పోయి, పనిలో నడుము విరిగి తిరిగి వచ్చాడు. మేస్త్రీ లెక్క తేల్చలేదు, వైద్యానికి పైసా ఇవ్వలేదు. కుర్రవాడు మా దగ్గరకు మూడుసార్లు వచ్చాడు. మేస్త్రీతో ఒక మాట మాట్లాడమని అడిగాడు.

ఆ మేస్త్రీ మన విశ్వాసే. మందిరం పైకప్పుకు సిమెంటు రేకులు అతడే ఇచ్చాడు. మేము కుర్రవాడి ఇంటికి వెళ్లి, తండ్రి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి వచ్చాము. మేస్త్రీ ఇంటికి వెళ్లలేదు. పంట కోతల తరువాత చూద్దామని పెద్దలు అన్నారు, మేమూ సరేనన్నాము.

కోతలు కాకముందే ఒక రాత్రి దళం వచ్చింది. మేస్త్రీని పిలిపించింది. పొద్దున్నకు లెక్క తేలింది. నెల తిరక్కుండా కుర్రవాడు లోపలికి పోయాడు. మేము పరామర్శకు వెళ్తే తల్లి చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, మీరు ప్రార్థన జేసి పోయిండ్రు. వాళ్లు మేస్త్రీని పిలిచి మాట్లాడిండ్రు." ఆమె కోపంతో అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మేము జవాబు చెప్పలేదు.

మూడేళ్లకు అతని శవం వచ్చింది. సమాధుల తోటలో చోటివ్వాలా వద్దా అని సంఘ కమిటీ రెండు గంటలు వాదించింది. పోలీసులు ఏమంటారో అని కొందరు, ఆయుధం పట్టినవాడికి క్రైస్తవ సమాధి ఏమిటని కొందరు. చివరకు తూర్పు గోడ వారన చోటిచ్చారు. వాదనలో ఒక్కసారి కూడా మేస్త్రీ లెక్క ప్రస్తావనకు రాలేదు. మేమూ తేలేదు.

ఈ కథ దళాన్ని పొగడడానికి చెప్పడం లేదు. అదే దళం మరుసటి ఏడు పక్క ఊరిలో ఒక చదువుకున్న కుర్రవాణ్ణి ఇన్‌ఫార్మరని చంపి రోడ్డు మీద పడవేసింది. అతని తల్లి కూడా మన పరిచర్య ప్రాంతంలోనిదే. ఆమెకూ మేము ప్రార్థన మాత్రమే చేశాము.

దిగజారిన క్రమం

న్యాయం చెప్పే తుపాకి కొన్నాళ్లకు తన్ను తానే కాపాడుకోవలసిన తుపాకి అవుతుంది. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం వచ్చింది. 1993 నవంబరులో కొల్లాపురం దగ్గర సోమశిలలో మందుపాతర పేలి జిల్లా ఎస్పీ పరదేశీ నాయుడు చనిపోయారు. ఆ తరువాతి సంవత్సరాల్లో పల్లెలకు పగలు పోలీసులు, రాత్రి అన్నలు. అన్నం పెట్టారని ఒకరు కొట్టేవారు, పెట్టలేదని ఒకరు కొట్టేవారు. కాంట్రాక్టర్ల దగ్గర వసూళ్లు, ఇన్‌ఫార్మర్ల పేరుతో హత్యలు పెరిగాయి. ఇటు ఎదురుకాల్పుల పేరుతో పట్టుకుని కాల్చడం పెరిగింది. ఠాణాలో దెబ్బలు తిన్న తమ్ముడు అన్న దారి పట్టిన ఇండ్లు మాకు తెలుసు. ప్రభుత్వ హింసనూ, నక్సలైట్ల హింసనూ సమంగా ప్రశ్నించిన బాలగోపాల్ గారి వంటివారు, ఎస్.ఆర్. శంకరన్ గారి పౌరస్పందన వేదిక వంటివి చాలా కొద్ది. రెండు వైపులవారూ వారిని అనుమానించారు.

2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. నల్లమల నుంచి బయటకు వచ్చిన నాయకులను చూడడానికి జనం విరగబడ్డారు. అప్పటికే, సెప్టెంబరులో, పీపుల్స్‌వార్ ఎంసీసీఐతో కలిసి మావోయిస్టు పార్టీగా మారింది. 2005 జనవరికి చర్చలు విఫలమయ్యాయి. ఆ ఏడు ఆగస్టు 15న, జెండా పండుగ నాడు, నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుణ్ణి, మరికొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే మళ్లీ నిషేధం. నల్లమల కోబ్రాలు వంటి పేర్లతో ముసుగు ముఠాలు హక్కుల కార్యకర్తలను బెదిరించాయి. 2006 నాటికి నల్లమలలో దళాలు చెల్లాచెదురయ్యాయి. గ్రేహౌండ్స్ బలం ఒక కారణం. మా పల్లెల్లో మేము చూసిన కారణం మరొకటి: అన్నం పెట్టే ఇంటి తలుపు అప్పటికే మూసుకుంది.

మన్స్టరు, మన పేరు

ఈ ప్రాంతపు సంఘాలు చాలావరకు మెన్నోనైట్ బ్రెదరెన్ మిషను నాటినవి. 1889లో రష్యా నుంచి నల్లగొండకు వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్, 1899లో అమెరికా నుంచి హైదరాబాదుకు వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్ పేర్లు మనకు తెలిసినవే. గద్వాల, మహబూబ్‌నగరు 1937 వరకు అమెరికన్ బాప్టిస్టుల పరిచర్యలో ఉండి, తరువాత మెన్నోనైట్ బ్రెదరెన్‌వారి చేతికి వచ్చాయి. మనం శాంతి సంఘాల వారసులమని చెప్పుకుంటాము. ఆ శాంతి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం అరుదుగా చెబుతాము.

అది ఒక తీవ్రవాద ఉద్యమపు బూడిదలో నుంచి వచ్చింది. 1534 ఫిబ్రవరిలో జర్మనీలోని మన్స్టరు పట్టణాన్ని అనబాప్టిస్టులు స్వాధీనం చేసుకున్నారు. యాన్ మాటిస్ అనే రొట్టెలు కాల్చేవాడు ప్రవక్తనన్నాడు. అదే నూతన యెరూషలేము అన్నాడు. హాలండులోని పేదలు, వేధింపులకు గురైన విశ్వాసులు పడవలెక్కి అటు బయలుదేరారు. ఆస్తులు ఉమ్మడి అన్నారు. కొన్ని నెలల్లోనే ఆ సమానత్వం యాన్ లైడెన్ అనే దర్జీ రాజరికంగా మారింది. బహుభార్యత్వం ఆజ్ఞ అయింది, ఎదురు చెప్పినవారి తలలు తెగాయి. 1535 జూనులో పట్టణం పడిపోయింది. నాయకుల శవాలను వేలాడదీసిన ఇనుప బోనులు సెయింట్ లాంబర్ట్ గుడి గోపురం మీద నేటికీ ఉన్నాయి.

ఆ 1535 వసంతంలోనే హాలండులో బోల్స్‌వార్డు దగ్గరి ఒక మఠాన్ని ఆక్రమించిన అనబాప్టిస్టులను సైన్యం ఊచకోత కోసింది. మృతులలో పేతురు సైమన్స్ అనే వ్యక్తి ఉన్నాడు. మెన్నో సైమన్స్ సోదరుడే కావచ్చునని చరిత్రకారులు భావిస్తారు. మెన్నో అప్పటికి విట్‌మార్సుం గ్రామంలో కతోలిక గురువు. సత్యం తెలిసి కూడా జీతం, సుఖం విడువలేక ఊరుకున్నవాడు. తప్పుదారి పట్టినా ఆ ప్రజలు తాము నమ్మినదాని కోసం ప్రాణాలిచ్చారు, నేనేమో నా సుఖంలో కూర్చున్నాను, వారి రక్తం నా గుండెమీద పడింది అనే భావాన్ని ఆయన తరువాత వ్రాసుకున్నాడు. 1536 జనవరిలో పదవి విడిచాడు. చెదిరిన ఆ గొర్రెలను వెదకి పోగుచేశాడు. మన్స్టరుకు వెళ్లినవారిని తిట్టి ఊరుకోలేదు. వారికి నిజంగా కాపరి లేకపోయాడని ఒప్పుకుని, తానే కాపరి అయ్యాడు.

ఇంకొక చిన్న సంగతి. క్రీ.శ. 66లో తిరుగుబాటుదారులు యెరూషలేములో మొదట చేసిన పనులలో ఒకటి అప్పు పత్రాల భాండాగారానికి నిప్పు పెట్టడం. అప్పులపాలైనవారిని తమవైపు తిప్పుకోవడానికే అలా చేశారని జోసీఫసు వ్రాశాడు. 1946–51 మధ్య తెలంగాణలోనూ షావుకార్ల నోట్లు తగలబెట్టారు. రెంటి మధ్య పంతొమ్మిది వందల ఏళ్లు. యేసు ప్రభువు పన్నిద్దరిలో జెలోతే అనబడిన సీమోనూ ఉన్నాడు, సుంకరియైన మత్తయీ ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చున్నప్పుడు మొదటి రోజుల్లో ఏమి మాట్లాడుకున్నారో సువార్తికులు వ్రాయలేదు.

మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు 2025 మేలో చనిపోయాడు, అదే ఏడు అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయాడు. ఆ అధ్యాయం ముగింపుకు వచ్చిందని పత్రికలు వ్రాశాయి. మేము పనిచేసిన ఆ పల్లె నుంచి లారీలు తగ్గాయి, బస్సులు పెరిగాయి. అడ్వాన్సు పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటి కుర్రవాళ్ల చేతిలో ఫోను ఉంది. ఎవరిని ద్వేషించాలో, ఎవరివల్ల తమకు ఉద్యోగం రాలేదో చెప్పే వీడియోలు రాత్రంతా అందులో వస్తున్నాయి. మతాల పేరుతో వచ్చేవీ ఉన్నాయి, మన విశ్వాసం పేరుతో వచ్చేవీ ఉన్నాయి. వాటిని పంపేవాడు చాలాసార్లు తెలిసిన అన్నే.

సెమినరీ విద్యార్థులకు ఒక పని మిగిలి ఉంది. 1948లో పదేళ్ల వయసున్నవారు నేడు తొంబైకి చేరువలో ఉన్నారు. గద్వాల, ఆత్మకూరు, కొల్లాపురం, అమ్రాబాదు గూడేల్లో అటువంటివారు ఇంకా కొందరు మిగిలారు. అడవికి పోయి తిరిగి వచ్చి ఆటో నడుపుకుంటున్నవారు, పోయినవారి తల్లులు కూడా ఉన్నారు. మన పాస్టరేటు సభ్యత్వ పుస్తకాల్లో వారి పేర్ల ఎదురుగా "ఊరిలో లేరు" అని మాత్రమే వ్రాసి ఉంటుంది. మేము పైన చెప్పిన కుర్రవాడి పేరు ఎదుట ఉన్న ఆ మాట మా చేతివ్రాతే. పుస్తకాలతో మొదలుపెట్టి ఇండ్లకు వెళ్లి, ఎవరు, ఏ సంవత్సరంలో, ఎవరి వెంట, ఏ లెక్క తేలక వెళ్లారో అడిగి వ్రాసుకునేవారు ముందుకు వస్తే, మా దగ్గర ఉన్న పాత రిజిస్టర్లను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము.